రొయ్యల బండ్ల లైనుకి జామ్‌సిమ్: నాలుగు నెలలు వాడి చూశా

నెల్లూరు నుంచి కృష్ణపట్నం పోయే దారిలో ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో రిసీవింగ్ చూస్తాను. రిసీవింగ్ అంటే సరుకు దించుకోవడం, కాటా వేయించడం, కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో) రాయించడం, మధ్యలో డ్రైవర్ల చేత తిట్లు తినడం. విడవలూరు, అల్లూరు, ముత్తుకూరు వైపు గుంటల్లో తెల్లారేలోపే పట్టుబడి అయిపోతుంది. దాంతో ఏడు దాటాక బండ్లన్నీ ఒకదాని వెనక ఒకటి ఊడిపడతాయి. ఎండెక్కే కొద్దీ క్రేట్లలో ఐసు కరిగి బండి కింద మడుగు కడుతుంటే, వెనకున్న డ్రైవరు హారన్ మీద నుంచి చెయ్యి తీయడు.

మా ఓనరు గారికి తోచిన మందు, బండి నిలిపి సరుకు దించే ర్యాంపు ఇంకోటి కట్టించడం. నాకేమో అది పనిచేస్తుందా అని అనుమానం, కానీ ఎందుకో చెప్పమంటే చెప్పలేను. చెన్నైలో ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్ చదివే మా బావమరిది కొడుకు, "మామా, కాంక్రీట్ పోయకముందే కంప్యూటర్లో కట్టి చూసుకోవచ్చు" అన్నాడు. దీన్నే సిమ్యులేషన్ అంటారట. అలా మొదలైంది.

ముందు డబ్బులు పెట్టి కొనే సాఫ్ట్‌వేర్ ఒకదాని డెమో చూశాం. త్రీడీలో ఫోర్క్‌లిఫ్టులు తిరుగుతుంటే సినిమాలా ఉంది. కొటేషన్ వచ్చాక ఓనరు గారు ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు, అది మళ్లీ బయటికి రాలేదు. ఎనీలాజిక్ అని ఇలాంటిదే ఇంకోటి, దానికి ఉచిత ఎడిషన్ ఉంది గానీ అది నేర్చుకోవడానికే, వ్యాపారం పనికి వాడకూడదు. సిమ్‌పై అనేది పూర్తిగా ఉచితం, కానీ పైథాన్‌లో ప్రోగ్రాము రాయాలి, అది నా వల్ల కాదు. చివరికి జామ్‌సిమ్ దగ్గర ఆగాం. ఆసెంకో అనే ఇంజినీరింగ్ సంస్థలో పుట్టిన ఓపెన్ సోర్స్ సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ ఇది. కంపెనీ పనికి వాడినా పైసా కట్టక్కర్లేదు.

ఇలాంటి వాటిలో గడియారం సెకను సెకనుకీ నడవదు. బండి వచ్చింది, ర్యాంపెక్కింది, దిగింది... ఏదో ఒకటి జరిగే క్షణం నుంచి తర్వాతది జరిగే క్షణానికి దూకుతుంది. మధ్యలో ఏమీ జరగని పది నిమిషాలతో దానికి పనిలేదు. అందుకే నెల రోజుల గేటు పనిని నా పాత ల్యాప్‌టాప్ మీద కూడా టీ చల్లారేలోపు నడిపేస్తుంది. కొత్త సంగతేం కాదట. ఐబీఎంలో జెఫ్రీ గోర్డన్ 1961లోనే జీపీఎస్‌ఎస్ పేరుతో ఇలాంటిది చేశాడు.

కొత్త కాటా వస్తే ముందు తెలిసిన తూకం రాయి పెట్టి చూస్తాం కదా, దీన్నీ అట్టాగే చూశా. ఒకే ర్యాంపు, గంటకి సగటున 4 బండ్లు, దించడానికి సగటున 12 నిమిషాలు, రెండిట్లోనూ హెచ్చుతగ్గులు ఎక్స్‌పొనెన్షియల్, అంటే ఎక్కువసార్లు సగటు కన్నా తక్కువ టైము, అప్పుడప్పుడూ మరీ ఎక్కువ. దీనికి క్యూల సూత్రం చెప్పే సగటు నిరీక్షణ 48 నిమిషాలు. చాలా రోజులు నడిపితే జామ్‌సిమ్ కూడా దాని చుట్టుపక్కలే తేల్చింది. సరే అని 4 బండ్లని నాలుగున్నర చేశా. సూత్రంలో 48 కాస్తా 108 అవుతుంది, ఇదీ అటే పోయింది. గంటకి అర బండి! సీజన్లో రెండు బండ్లు ఎక్కువొస్తే రోజంతా ఎందుకు తగలబడిపోతుందో ఇన్నేళ్లకి నాకు అంకెల్లో కనపడింది.

వాడకానికి వస్తే, బొమ్మల్ని లాగి వదలడమే. బండ్లని పుట్టించడానికి ఎంటిటీ జనరేటర్, లైనుకి క్యూ, ర్యాంపుకి సర్వర్, గేటు బయటికి పంపడానికి ఎంటిటీ సింక్. ఈ నాలుగూ వస్తే సగం పని అయినట్టే. చూడ్డానికి మాత్రం పాతకాలం సాఫ్ట్‌వేర్‌లా ఉంటుంది, తెలుగులో ఒక్క ముక్క దొరకదు, ఇంగ్లిష్ మాన్యువల్‌తో కుస్తీ పట్టాల్సిందే. మొదటివారం రియల్ టైమ్ బటన్ నొక్కి మర్చిపోయాను. స్క్రీన్ మీద లారీ బొమ్మ కదలడంలేదేందా అని చూస్తూ కూర్చున్నా. అది నిజంగానే పన్నెండు నిమిషాలు సరుకు దించుతోంది. మేనేజరు గారు వెనకనుంచి వచ్చి, "ఏందబ్బయా, గేమ్ ఆడతన్నావా?" అన్నారు.

ఇంకోటి, ఎన్నిసార్లు నడిపినా అచ్చం అదే అంకె వచ్చేది. ఇంత గట్టిగా చెబుతోందంటే నిజమేననుకున్నా. మా వాడు ఫోన్లో నవ్వాడు. ర్యాండమ్ అంకెల వరస ప్రతిసారీ ఒకే చోట మొదలవుతుందట. రెప్లికేషన్లు పెట్టి, అంటే అదే మోడల్‌ని వేరే వేరే వరసలతో మళ్లీ మళ్లీ నడిపితే గానీ అంకె ఎంత అటూ ఇటూ ఊగుతుందో తెలియదు.

రెండు వారాలు గేటు దగ్గర నోట్‌బుక్ పట్టుకుని టైములు రాశాను. అవన్నీ పెట్టి నడిపితే సగటు నిరీక్షణ 20 నిమిషాల చిల్లర వచ్చింది. గేటు దగ్గర చూస్తే గంట పైనే! సాఫ్ట్‌వేర్ మీద విసుగొచ్చి రెండురోజులు ముట్టుకోలేదు. మూడోరోజు ర్యాంపు పక్కన ఊరికే నిలబడ్డాను. సరుకు దించడం అయిపోయింది, బండి మాత్రం కదల్లేదు. ఏమయ్యా అంటే డ్రైవరు, "క్రేట్లు రావాలి గదన్నా" అన్నాడు. ఖాళీ క్రేట్లు కడిగి, మళ్లీ ఎక్కించాక గానీ బండి పోదు, అప్పటిదాకా ర్యాంపు దానిదే. కడిగే చోట ఇద్దరే ఆడవాళ్లు, ఒకటే పైపు. నేను దించడం అవగానే వాచీ ఆపేశాను. రోజూ కళ్లముందున్నదే, నా నోట్‌బుక్‌లో మాత్రం లేదు.

సీజ్, రిలీజ్ అనే బొమ్మలతో ర్యాంపుని క్రేట్లు ఎక్కేదాకా పట్టి ఉంచితే మోడల్ గేటుకి దగ్గరగా వచ్చింది. రెండో ర్యాంపు పెట్టి చూస్తే నిరీక్షణ కొంచెమే తగ్గింది, అక్కడ కూడా బండ్లు క్రేట్ల కోసమే నిలబడ్డాయి. ర్యాంపు సంగతి వదిలేసి, కడిగిన క్రేట్లు ముందే పేర్చిపెట్టి వచ్చిన బండికి మార్చి ఇస్తే సగానికి సగం పడిపోయింది. ఓనరు గారు ఆ బొమ్మని మూడుసార్లు నడిపించుకుని చూసి, క్రేట్లు కొనమన్నారు.

కొన్నాం. మా ప్లాంటు నీలం క్రేట్లతో వచ్చే బండ్లు ఇప్పుడు చకచకా పోతున్నాయి. ఏజెంట్ల క్రేట్లే తంటా. ఒకాయనవి పసుపు, ఇంకొకాయనవి ఎరుపు, మీద పెయింటుతో పేర్లు. వాళ్లు మార్పిడికి ససేమిరా అంటున్నారు, మావి కొత్తవి ఇస్తామన్నా సరే, వాళ్ల పాతవే కావాలంట. మోడల్లో నేను క్రేట్లకి రంగు పెట్టలేదు మరి. ఇప్పుడు ఒక్కో బండికీ రంగు అని ఒక ఆట్రిబ్యూట్ (గుర్తు) చేర్చి, దారి చీల్చే బ్రాంచ్ అనే బొమ్మతో పసుపు, ఎరుపు బండ్లని పాత పద్ధతి వైపు మళ్లించే పనిలో ఉన్నాను. ఏ రంగు ఎటు పోవాలో చెప్పే ఎక్స్‌ప్రెషన్ రాయడంలో ఎక్కడో తప్పుపోతోంది, అన్ని బండ్లూ నీలం వైపే పోతున్నాయి. ఆదివారం మా వాడు ఊరికొస్తే కూర్చోబెట్టాలి.