లండన్ చూడటానికి ఓయిస్టరా, కాంటాక్ట్‌లెస్సా? ఎక్కడ లాభం, ఎక్కడ డబ్బు పోతుంది

లండన్‌లో దిగగానే టికెట్ మెషిన్ ముందు నిలబడి కాగితం టికెట్ కొనకండి. ముందుగా డబ్బు నింపుకునే రవాణా కార్డు ఓయిస్టర్; రీడర్‌కు తాకిస్తే చాలే మామూలు బ్యాంకు కార్డు కాంటాక్ట్‌లెస్. ఇక్కడ చెప్పిన ధరలన్నీ 2025 నాటివి. ఛార్జీల కోసం లండన్‌ను మధ్య నుంచి బయటికి వలయాల్లాంటి జోన్‌లుగా విడగొట్టారు. నడిబొడ్డున ఉన్న జోన్ 1 లోపల ట్యూబ్ (భూగర్భ రైలు) ప్రయాణానికి కార్డు టచ్ చేస్తే 2025లో రద్దీ వేళను బట్టి 2.80 లేదా 2.90 పౌండ్లు పడేది. అదే దూరానికి కాగితం టికెట్ ధర దానికి రెట్టింపు పైనే. ఊరు తిప్పి చూపించే టూరిస్టు బస్సుల పాసులు, రకరకాల ప్యాకేజీలు కళ్లకు కనిపిస్తూనే ఉంటాయి. వాటన్నిటికంటే లండన్‌ను బాగా పరిచయం చేసేది టీఎఫ్‌ఎల్ (లండన్ రవాణా సంస్థ) వారి పసుపు రంగు కార్డు రీడరే అని మా గట్టి అభిప్రాయం. 2003లో ఓయిస్టర్ కార్డుతో మొదలైన ఈ పద్ధతిలో 2012 చివర్లో బస్సుల్లోనూ, 2014లో ట్యూబ్‌లోనూ మామూలు బ్యాంకు కార్డులు పనిచేయడం మొదలైంది.

దీని గొప్పతనమంతా క్యాప్‌లో, అంటే ఛార్జీకి పెట్టిన గరిష్ఠ పరిమితిలో ఉంది. ముందుగా ఏ పాసూ ఎంచుకోనక్కర్లేదు. రోజులో ఎన్నిసార్లు ఎక్కినా జోన్ 1, 2 లోపల 8.90 పౌండ్లు దాటి తీసుకోరు. ఉదాహరణకు 2025లో రద్దీ వేళల్లో జోన్ 1లో మూడుసార్లు తిరిగితే 8.70 అయ్యేది. నాలుగోసారికి 20 పెన్నీలే పడేవి, ఆ తర్వాత ఎన్ని ఎక్కినా ఏమీ పడేది కాదు. లెక్క తెల్లవారుజామున 4.30కి మొదలై మర్నాడు అదే వేళకు ముగుస్తుంది. వారానికీ ఒక క్యాప్ ఉంది, జోన్ 1, 2కి 44.70. కానీ అది సోమవారం నుంచి ఆదివారం వరకే లెక్క. గురువారం దిగి బుధవారం వెళ్లేవాళ్లకు వారం రెండు ముక్కలైపోతుంది కాబట్టి దాన్ని నమ్ముకుని బడ్జెట్ వేసుకోవద్దు.

బస్సు ఇంకా చవక. టికెట్ 1.75 పౌండ్లు. మొదటిసారి టచ్ చేసిన గంటలోపు ఎన్ని బస్సులు మారినా మళ్లీ డబ్బు పడదు. బస్సులే ఎక్కితే రోజుకు 5.25 దాటదు. డ్రైవర్ దగ్గర నోట్లు, చిల్లర చెల్లవు. 2014 జులై నుంచి బస్సుల్లో నగదు తీసుకోవడం ఆపేశారు. ఊరు చూడటానికి 9, 15, 24 నంబర్ బస్సుల పైఅంతస్తు ముందు సీటు దొరికితే వదలకండి. 24 పార్లమెంట్, ట్రఫాల్గర్ స్క్వేర్ మీదుగా కామ్‌డెన్ వైపు వెళ్తుంది. 15 సెయింట్ పాల్స్ చర్చి దాటి లండన్ టవర్ దగ్గరికి చేరుస్తుంది.

చాలామంది డబ్బు పోగొట్టుకునేది కార్డు మార్చడం వల్ల. లోపలికి వెళ్లేటప్పుడు ఫోన్‌తో, బయటికి వచ్చేటప్పుడు కార్డుతో టచ్ చేస్తే ఆ రెండూ ఒకే బ్యాంకు ఖాతావైనా యంత్రం లెక్కలో ఇద్దరు మనుషులు. రెండు ప్రయాణాలూ సగంలో ఆగినట్టు చూసి రెండింటికీ గరిష్ఠ ఛార్జీ వేస్తుంది. పర్సు మొత్తం రీడర్ మీద పెట్టినా ఇదే ప్రమాదం, లోపలున్న వాటిలో ఏ కార్డు చదువుతుందో మన చేతిలో ఉండదు. ఒకే కార్డుతో భార్యాభర్తలిద్దరూ వెళ్లడం కుదరదు. మనిషికో కార్డు ఉండాల్సిందే. బస్సులో ఎక్కేటప్పుడు మాత్రమే టచ్ చేయాలి, రైళ్లలో దిగాక కూడా చేయాలి. డీఎల్‌ఆర్ (తూర్పు లండన్‌లో తిరిగే లైట్ రైలు) స్టేషన్లలో చాలా చోట్ల గేట్లు ఉండవు కాబట్టి అక్కడే ఎక్కువమంది మర్చిపోతారు. మర్చిపోతే టీఎఫ్‌ఎల్ సైట్‌లో ఖాతా తెరిచి, ఆ ప్రయాణం ఎక్కడ ముగిసిందో చెప్పి తిరిగి అడగవచ్చు.

ఇండియా నుంచి వచ్చేవాళ్లు విమానం ఎక్కకముందే ఒక పని చేసుకోవాలి. రిజర్వ్ బ్యాంకు నిబంధన వల్ల మన కార్డుల్లో విదేశీ వాడకం, కాంటాక్ట్‌లెస్ అనేవి విడివిడిగా ఆన్ చేయాలి. ఒకటి ఆన్ చేసి రెండోది మరిచినా గేటు దగ్గర ఎర్ర లైటే. వీసా, మాస్టర్‌కార్డ్, అమెరికన్ ఎక్స్‌ప్రెస్ పనిచేస్తాయి. రూపే కార్డును మాత్రం నమ్ముకుని రావద్దు. ప్రతి రోజు ఖర్చు మీదా బ్యాంకు విదేశీ మారకం ఛార్జీ వేస్తుంది కనుక పౌండ్లు నింపిన ఫారెక్స్ కార్డు మేలు. అందులో బ్యాలెన్స్ అయిపోతే కార్డు ఆగిపోతుంది, బాకీ తీర్చేదాకా గేటు తెరుచుకోదు.

కాంటాక్ట్‌లెస్ బ్యాంకు కార్డు లేని పెద్దవాళ్లకూ, 11 నుంచి 15 ఏళ్ల పిల్లలకూ ఓయిస్టరే సరైనది. ఆ వయసు పిల్లల ఓయిస్టర్ మీద స్టేషన్ సిబ్బందిని అడిగి యంగ్ విజిటర్ రాయితీ పెట్టించుకుంటే 14 రోజుల దాకా సగం ఛార్జీ. బ్యాంకు కార్డు మీద ఈ రాయితీ రాదు. 11 లోపు పిల్లలకు పెద్దవాళ్లతో వెళ్తే ట్యూబ్‌లో డబ్బు లేదు. ఓయిస్టర్ కొన్న ధర తిరిగి రాదు, అందులో మిగిలిన బ్యాలెన్స్ 10 పౌండ్ల లోపుంటే మెషిన్‌లోనే వెనక్కి తీసుకోవచ్చు.

హీత్రో విమానాశ్రయం దగ్గర ఇంకో ఉచ్చు ఉంది. టెర్మినల్ 2, 3 స్టేషన్‌లో ఎలిజబెత్ లైన్, హీత్రో ఎక్స్‌ప్రెస్ రైళ్లు ఒకే ప్లాట్‌ఫారం నుంచి బయల్దేరుతాయి. రెండూ ఊళ్లోని ప్యాడింగ్టన్ స్టేషన్‌కే వెళ్తాయి, రెండింట్లోనూ టచ్ పనిచేస్తుంది. ఎక్స్‌ప్రెస్ 15 నిమిషాల్లో చేరుస్తుంది, కానీ 2025లో 25 పౌండ్లు. ఎలిజబెత్ లైన్ అరగంట, 2025లో 13.90. పిక్కడిల్లీ లైన్ ట్యూబ్‌లో ఊరి మధ్యకు దాదాపు గంట పడుతుంది, 2025లో 5.80 మాత్రమే. బోర్డు మీద రైలు పేరు చదివి ఎక్కండి. సామాను ఎక్కువుంటే ఎలిజబెత్ లైన్‌కే మా ఓటు. లేకపోతే పిక్కడిల్లీ చాలు.

ట్యూబ్ పటం దూరాలు చూపించే పటం కాదు. లీసెస్టర్ స్క్వేర్ నుంచి కోవెంట్ గార్డెన్‌కు 260 మీటర్లే, నడిచి వెళ్లడమే త్వరగా అవుతుంది. అసలీ సేవలో పెద్ద లోపం లిఫ్టులు. ట్యూబ్ స్టేషన్లలో మూడో వంతులోనే మెట్లెక్కకుండా రోడ్డు మీదికి రావచ్చు. కోవెంట్ గార్డెన్‌లో లిఫ్టు కోసం జనం నిలబడి ఉన్నారని మెట్ల వైపు మళ్లకండి, అవి 193. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలను తీసుకొచ్చినవాళ్లు బస్సులే నమ్ముకోవడం మంచిది. లండన్ బస్సుల్లో ర్యాంప్ ఉంటుంది.

సాయంత్రం ఇడ్లీ, దోశ కోసం తూర్పు లండన్‌లోని ఈస్ట్‌హామ్ వెళ్లాలనిపిస్తే డిస్ట్రిక్ట్ లైన్ నేరుగా తీసుకెళ్తుంది. ఆ స్టేషన్ జోన్ 3, 4 సరిహద్దులో ఉంది కాబట్టి ఊరి మధ్య నుంచి వచ్చేవాళ్లకు జోన్ 3 కిందే లెక్క కడతారు. రద్దీ ఛార్జీ పనిరోజుల్లో సాయంత్రం 7 దాకా ఉంటుంది. 7 దాటాక గేటు దగ్గర టచ్ చేస్తే ఆ మేరకు తగ్గుతుంది.