త్రీ మిల్స్‌కు వెళ్లాలా, మెర్టన్ అబీ మిల్స్‌కా?

లండన్‌లో ఒక పూట ఖాళీ ఉండి, ఏటి ఒడ్డున పాత మిల్లు చూడాలనుకుంటే ఈ రెండూ బాగుంటాయి.

తూర్పున లీ నది మీద త్రీ మిల్స్. పేరుకే మూడు, మిగిలినవి రెండే. 1776లో కట్టిన హౌస్ మిల్ అసలు విశేషం. సముద్రపు పోటు సమయంలో నీళ్లను లోపలికి రానిచ్చి తలుపులు మూసేవారు. ఆటు మొదలయ్యాక వదిలితే ఆ ఉరవడికి చక్రాలు తిరిగేవి. అంటే పనివేళలు చంద్రుడి చేతిలో ఉండేవన్నమాట! అక్కడ మరపట్టిన ధాన్యం ఎక్కువగా పోయింది రొట్టెలకు కాదు, పక్కనే జిన్ అనే మద్యం తయారీకి. లోపల రోజూ చూడనివ్వరు, తెరిచే రోజులు ముందే కనుక్కోవాలి.

నైరుతిన వాండిల్ నది ఒడ్డున ఉన్న మెర్టన్ అబీ మిల్స్‌ది బట్టల కథ. లండన్‌లో బట్టలకు పేరున్న లిబర్టీ కంపెనీ తన పట్టుబట్టలకు అద్దకం వేయించింది ఇక్కడే. నీటిచక్రం ఇంకా ఉంది. చుట్టూ చిన్న దుకాణాలు, తినడానికి చోట్లు. పిల్లలతో అయితే ఇదే సుఖం.

యంత్రాల పిచ్చి ఉన్న నాలాంటివాళ్లు మాత్రం బ్రోమ్లీ బై బో స్టేషన్‌లో దిగి త్రీ మిల్స్ వైపు నడుస్తారు.