పొగడ్తకి ఏ క్రియ? కోఠిలో దొరికే మూడు ఇంగ్లీష్ పుస్తకాల మీద రివ్యూ

స్వీట్ షాపులకి కరపత్రాలు, కోచింగ్ సెంటర్లకి ఫ్లెక్సీలు ఇంగ్లీష్‌లో రాసిచ్చేవాళ్ళకి, లింక్డ్‌ఇన్‌లో తోటి ఉద్యోగి గురించి నాలుగు మంచి ముక్కలు రాయాల్సినవాళ్ళకి చిక్కొచ్చేది ఒక్కచోటే. ప్రమోట్, రికమెండ్, ప్రైజ్ అయిపోయాక నాలుగో క్రియ తట్టదు. ఫోన్‌లో పర్యాయపదాలు వెతికితే టౌట్, హైప్, ప్లగ్, లాడ్, ఎక్స్‌టోల్, ఎండార్స్ అన్నీ ఒకే వరసలో వచ్చి పడతాయి. తెలుగులో కొనియాడటానికీ, డప్పు కొట్టడానికీ, ములగచెట్టు ఎక్కించడానికీ తేడా మనకి పుట్టుకతో తెలుసు. ఇంగ్లీష్‌లో ఆ తేడా ఎవరో ఒకరు చెప్పాలి. ఆ పని ఏ పుస్తకం సరిగ్గా చేస్తుందన్నదే ఇక్కడి పరీక్ష.

ముందుగా ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ. హార్న్‌బీ మొదలుపెట్టిన ఈ నిఘంటువు ఆక్స్‌ఫర్డ్ పేరుతో 1948 నుంచి వస్తోంది, పదో ముద్రణ 2020లో వచ్చింది. దీని అసలు బలం అర్థాలు చెప్పడం కాదు, క్రియ పక్కన ఏం రావాలో చూపించడం. సజెస్ట్ అన్న మాట తీయండి. సజెస్ట్ సంథింగ్ టు సంబడీ అన్న వరస కనిపిస్తుంది. 'సజెస్ట్ మీ ఎ గుడ్ బిర్యానీ ప్లేస్' అని హైదరాబాద్‌లో చాలా వాట్సాప్ గ్రూపుల్లో ఉంటుంది. 'నాకో మంచి హోటల్ చెప్పు' అన్న తెలుగు వాక్యం 'టెల్ మీ' దగ్గర అచ్చంగా అతుకుతుంది కాబట్టి సజెస్ట్ దగ్గరా అతుకుతుందనుకుంటాం. అతకదు. 'కెన్ యూ సజెస్ట్ ఎ గుడ్ ప్లేస్' అంటే చాలు, 'మీ' అక్కర్లేదు.

ఇంకో పేచీ మన 'గురించి'తో. 'షాపు గురించి ప్రకటన ఇచ్చారు' అన్నది మనసులో పెట్టుకుని 'అడ్వర్టైజ్డ్ అబౌట్ ది షాప్' అని రాసేస్తాం. అడ్వర్టైజ్‌కి నేరుగా కర్మ కావాలి, అబౌట్ వద్దు. దాని పక్కన ఫర్ చేరిందా, అర్థమే తిరగబడుతుంది: 'అడ్వర్టైజ్ ఎ కుక్' అంటే వంటమనిషి గొప్పతనం చాటడం, 'అడ్వర్టైజ్ ఫర్ ఎ కుక్' అంటే వంటమనిషి కావలెను అని ప్రకటించడం. క్యాటరింగ్ వాళ్ళ కరపత్రంలో ఈ ఒక్క ముక్క తేడాతో ఫోన్లన్నీ ఉద్యోగం అడిగేవాళ్ళవే వస్తాయి. రేవ్ (తెగ పొగడటం) అన్న మాటకి మాత్రం అబౌట్ కావాలి, ప్రైజ్‌కి కారణం చెప్పేటప్పుడు ఫర్, కాంప్లిమెంట్‌కి ఆన్. ఇవన్నీ ఈ నిఘంటువులో ఆయా మాటల కిందే ఉంటాయి.

రెండో బలం మాట స్వభావం చెప్పే గుర్తులు. హైప్ పక్కన మెచ్చుకోలు కాదనీ, వాడుక మాట అనీ సూచన ఉంటుంది. ఎక్స్‌టోల్, లాడ్ పక్కన గ్రాంథికపు వాసన ఉన్న మాటలని గుర్తు ఉంటుంది. అది చూడకుండా 'వుయ్ హైప్ అవర్ కస్టమర్స్ ప్రొడక్ట్స్' అని డిజిటల్ మార్కెటింగ్ బోర్డు మీద రాస్తే, మేం ఊదరగొడతాం అని మనమే ఒప్పుకున్నట్టు. టౌట్ అయితే ఇంకా ఇబ్బంది. ఇక్కడ ఆర్టీవో ఆఫీసు గోడ మీద టౌట్లను నమ్మవద్దని చదివి చదివి ఆ మాటకి దళారీ కంపు అంటుకుంది. 'టౌటెడ్ యాజ్ ది బెస్ట్ హలీమ్' అన్నది పత్రికలవాళ్ళు రాస్తే వార్త, షాపువాడే తన గురించి రాసుకుంటే నవ్వులాట.

ఎండార్స్ దగ్గర ఇంకాస్త ఆగాలి. లాటిన్‌లో డోర్సమ్ అంటే వీపు. పత్రం వెనక రాయడం ఈ మాటకి మొదటి అర్థం, బ్యాంకుల్లో చెక్కు వెనక సంతకం పెట్టడానికి ఇప్పటికీ అదే మాట. అంటే పూచీ ఉన్న పొగడ్త. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కూడా దీన్ని అలాగే చూస్తుంది: తప్పుదారి పట్టించే ప్రకటనని ఎండార్స్ చేసినవాళ్ళకి 10 లక్షల దాకా, మళ్ళీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా. అందుకని డబ్బు తీసుకుని చేసిన రీల్ కింద 'జస్ట్ రికమెండింగ్' అని రాస్తే సరిపోతుందనుకోవద్దు. ప్లగ్ అన్నా పుష్ అన్నా చట్టానికి ఒకటే.

ఈ నిఘంటువు లోపం కూడా చెప్పాలి. అకారాదిగా ఉంటుంది కాబట్టి మాట ముందే తెలిసి ఉండాలి. పర్యాయపదాల పెట్టెలు అక్కడక్కడా ఉన్నా, భావం నుంచి మాటకి దారి తిన్నగా ఉండదు.

ఆ దారి రోజెట్ థెసారస్‌ది, అంటే పర్యాయపదాల కోశానిది. 1852లో రోజెట్ అన్న వైద్యుడు భావాల ప్రకారం మాటల్ని కుప్పలు పోశాడు. ఒక్కో కుప్పకి ఒక అంకె: పాత ప్రతుల్లో 931 మెప్పు, 932 నింద, 933 ముఖస్తుతి, పక్కపక్క గదుల్లో కాపురం. కొత్త ముద్రణల్లో అంకెలు మారాయి. వరస మాత్రం భలే తెలివైనది, మెప్పు ఎక్కడ ముఖస్తుతిలోకి జారుతుందో కంటికి కనిపిస్తుంది. కానీ ఏ మాటకీ అర్థం ఇవ్వదు, వాక్యం ఇవ్వదు. ఇంగ్లీష్ బాగా వచ్చినవాడికి జ్ఞాపకం తెప్పిస్తుంది, రానివాడిని ముంచుతుంది. ఒంటరిగా కొనకండి.

మూడోది ఆక్స్‌ఫర్డ్ కొలొకేషన్స్ డిక్షనరీ, ఏ మాట పక్కన ఏ మాట పొసుగుతుందో చెప్పేది. రికమెండ్ ముందు హైలీ, స్ట్రాంగ్లీ వస్తాయని చూపుతుంది. 'వెరీ మచ్ రికమెండ్' అని రాసే అలవాటు మాన్పించడానికి బావుంటుంది. అంతకు మించి ఈ పనికి పెద్దగా అక్కరకు రాదు.

కోఠి పాత పుస్తకాల దుకాణాల్లోనో ఆదివారం ఆబిడ్స్ పేవ్‌మెంట్ మీదో కొనేటప్పుడు అట్ట చూసి మోసపోకండి. లెర్నర్స్ డిక్షనరీలో ఉచ్చారణ గుర్తులున్న చోట వేలు పెట్టి చూడండి. అవి సిరా పాకి ముద్దగా ఉంటే దొంగ ముద్రణ. రోజెట్ అయితే ముందు చివరి పేజీలు తిప్పండి. భావాల వరసలో ఉన్న పుస్తకానికి వెనకున్న సూచికే తాళంచెవి, పాత ప్రతుల్లో చిరిగిపోయేదీ అదే. రోజెట్ పేరుతో అకారాదిగా అచ్చేసిన పుస్తకాలూ ఉన్నాయి, వాటిలో 931, 933ల ఇరుగుపొరుగు దొరకదు. ఒక్కటే కొనే డబ్బుంటే లెర్నర్స్ డిక్షనరీ తీసుకోండి, పాత ముద్రణైనా ఫరవాలేదు. సజెస్ట్ పక్కన వచ్చే 'టు' ఈ డెబ్భై ఏళ్ళ పైచిలుకులో ఎక్కడికీ పోలేదు.