ఓసీడీ, ఈటింగ్ డిజార్డర్‌కి థెరపిస్ట్ కోసం వెతుకుతున్నారా, ముందే ప్యాకేజీ కట్టకండి

మీ ఇంట్లో ఎవరికైనా ఓసీడీ (వద్దన్నా వచ్చే భయాల వల్ల చేసిన పనే మళ్లీ మళ్లీ చేసే జబ్బు) గానీ తిండి మానేసే సమస్య గానీ ఉంటే దయచేసి ఇది చదివాకే డబ్బులు కట్టండి. మా చెల్లికి 19 ఏళ్లు, బీటెక్ సెకండియర్. చేతులు కడుక్కుంటూనే ఉండేది, కంచం నాలుగైదు సార్లు కడిగేది, ముద్దలు లెక్కపెట్టుకుని తినేది, లెక్క తప్పితే కంచం తోసేసేది. నానమ్మ మడి చూసి పెరిగినవాళ్లం కదా, ఇదీ శుభ్రతే అనుకున్నాం, 9 కిలోలు తగ్గి పీరియడ్స్ ఆగిపోయేదాకా మాకు అర్థం కాలేదు.

హైదరాబాద్‌లోనే ఒక కౌన్సెలింగ్ సెంటర్ దొరికింది, రివ్యూలన్నీ బాగున్నాయి, ఫోన్‌లో ఆ మేడమ్ ఎంత ప్రేమగా మాట్లాడిందంటే అమ్మకి ఏడుపొచ్చేసింది, ఇంక ఈవిడే అనుకుని 10 సెషన్ల ప్యాకేజీ 22 వేలు ఒకేసారి కట్టేశాం. మొదటి రోజే అందరి ముందూ బరువు చూసి, పైకి చదివి, "అంత సన్నగా ఏం లేవమ్మా, బానే ఉన్నావ్" అంది. ధైర్యం చెబుదామనే అందేమో గానీ ఈ జబ్బులో ఉన్న పిల్లకి ఆ మాట "ఇంకా తగ్గాలి" అని వినపడుతుంది. ఆ రాత్రి గ్లాసు పాలు కూడా ముట్టలేదు.

తర్వాత చేతికి రబ్బర్ బ్యాండ్ వేసి, కడుక్కోవాలనిపించినప్పుడల్లా లాగి వదలమంది. మా చెల్లి దాన్ని కూడా లెక్కపెట్టడం మొదలుపెట్టింది, సరిగ్గా 11 సార్లు లాగకపోతే మళ్లీ మొదటి నుంచి, మణికట్టంతా ఎర్రగా కందిపోయింది. "నీ చేతుల మురికి వల్ల ఎవరికీ ఏం కాదు" అని రోజంతా చెప్తూ ఉండమని మాకూ చెప్పింది, మేం చెప్పేకొద్దీ అది ఇంకా ఎక్కువసార్లు అడిగేది. నాలుగో సెషన్‌లో, తన వల్ల అమ్మ చచ్చిపోతుందేమో అన్న ఆలోచన వస్తుందని పాపం మొదటిసారి నోరు విప్పి చెప్పుకుంటే, ఆవిడ బయటికొచ్చి ఆ మాట అమ్మకే చెప్పేసింది. ఆరోజు నుంచి చెల్లి వెళ్లనంది. నాకు డబ్బుల కన్నా ఇదే ఎక్కువ బాధ.

అప్పుడు అడిగితే తెలిసింది, ఆవిడకున్నది ఒక ఆన్‌లైన్ డిప్లొమా మాత్రమే. కౌన్సెలర్ అని బోర్డు ఎవరైనా పెట్టేసుకుంటున్నారు, కానీ క్లినికల్ సైకాలజిస్ట్ అంటే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో, అదే ఆర్‌సీఐలో, రిజిస్ట్రేషన్ ఉండాలి. నంబర్ అడిగి వాళ్ల వెబ్‌సైట్‌లో చూసుకోండి. అడిగితే చిరాకుపడేవాళ్ల దగ్గరికి అసలు వెళ్లకండి.

ఇంకోటి, ఓసీడీకి ఏం థెరపీ చేస్తారని సూటిగా అడగండి. ఈఆర్‌పీ (ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్) అన్న మాట రావాలి, అంటే భయపెట్టే పనికి కొంచెం కొంచెంగా దగ్గరవుతూ, కడుక్కోకుండా ఆ భయం తగ్గేదాకా ఆగడం నేర్పిస్తారు. పిల్ల ఒప్పుకున్నంత వరకే, బలవంతం ఉండదు.

ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి పేరు తిట్టులా వాడతారని ఇంట్లో వద్దన్నారు గానీ చివరికి అక్కడి ఓపీకే తీసుకెళ్లాను. సైకియాట్రిస్ట్ గారు ముందు ఈసీజీ, రక్తంలో పొటాషియం చూడమన్నారు, తిండి మానేస్తే, వాంతులు చేసుకుంటుంటే గుండె మీద పడుతుందంట, ఆ సెంటర్‌లో డాక్టర్‌కి చూపించమని ఒక్కసారి కూడా అనలేదు. మందులు పనిచేయడానికి 8 నుంచి 12 వారాలు పట్టొచ్చు, మధ్యలో ఆపొద్దన్నారు. ఇప్పుడు ఆర్‌సీఐ నంబర్ ఉన్న ఒక మేడమ్ దగ్గర ఈఆర్‌పీ నడుస్తోంది, చెల్లి అడిగితేనే మమ్మల్ని లోపలికి పిలుస్తారు.

ఎక్కడికెళ్లాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడతారు.

మిగిలిన 6 సెషన్ల డబ్బులు ఆ సెంటర్ ఇంకా ఇవ్వలేదు, "నో రీఫండ్" అని రసీదు వెనక చిన్న అక్షరాల్లో ఉంది. కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915లో కంప్లైంట్ పెట్టాను, ఏమైందో ఇక్కడే రాస్తాను. మీలో ఎవరైనా ఇలాగే కట్టేసి ఉంటే రసీదు, వాట్సాప్ మెసేజ్‌లు డిలీట్ చేయకండి.