సింగపూర్‌లో ఆరు రోజుల భోజనం

మా మేనల్లుడు సింగపూర్‌లో స్థిరపడి పదకొండేళ్లయింది. మేము మొదటిసారి అక్కడికి వెళ్తున్నామని తెలియగానే అతని స్నేహితుల మధ్య ఒక వాదం మొదలైంది. ఊరి నుంచి వచ్చే పెద్దవాళ్లను తెలుగు హోటళ్లకే తీసుకువెళ్లాలని కొందరు, తిండి దుకాణాలన్నీ ఒకే కప్పు కింద ఉండే హాకర్ సెంటర్లలో కూర్చోబెడితేనే ఆ ఊరు చూసినట్టని మరికొందరు. నేను మాంసాహారిని, మా ఆవిడ శాకాహారి కాబట్టి ఆ వాదాన్ని రెండు వైపులా పరీక్షించే అవకాశం మాకే దక్కింది.

మొదటి రెండు రాత్రులు లిటిల్ ఇండియాలోని ఒక చిన్న హోటల్లో దిగాం. గదికి కిటికీ లేదు. బుకింగ్ వివరాల్లో ఆ సంగతి చిన్న అక్షరాలతో రాసే ఉందట, నేనే చదువుకోలేదు. పెట్టె తెరిస్తే మంచానికీ గోడకూ మధ్య కాలు పెట్టే చోటు మిగలలేదు. అయినా మెట్రో స్టేషనూ, సెరంగూన్ రోడ్డు ఫలహారశాలలూ నడక దూరంలోనే ఉండడం వల్ల ఆ చోటు ఎంచుకున్నందుకు విచారించలేదు. 1924 నాటి ఆనంద భవన్, 1947 నాటి కోమల విలాస్ ఉన్న ప్రాంతమది. దోసెకూ కాఫీకీ అక్కడ లోటు లేదు. అయితే రుచి తమిళనాడుది. మన అల్లం పచ్చడినీ కారప్పొడినీ తలచుకుని వెళ్లినవారికి కొంత చప్పగా తోస్తుంది.

మూడో రోజు తెలుగు పక్షం మమ్మల్ని ఒక బిర్యానీ హోటల్‌కు తీసుకువెళ్లింది. అన్నానికి రంగు ఉంది గాని మసాలా ముక్కకు పట్టలేదు. గోంగూర మాంసంలో గోంగూర కన్నా చింతపండు పులుపే ఎక్కువ. పైగా అక్కడ మెనూలో ధర పక్కన రెండు కూడిక గుర్తులు కనిపిస్తే పదిశాతం సర్వీసు ఛార్జీ, దాని మీద తొమ్మిది శాతం పన్ను అదనమని అర్థం. 20 డాలర్లని రాసిన పళ్లెం బిల్లులో దాదాపు 24 డాలర్లవుతుంది. తీసుకువెళ్లిన కుర్రవాడు నొచ్చుకుంటాడని నేను బాగుందన్నాను. మేనల్లుడు మాత్రం దారిలో, “మామయ్యా, మీరు మొహమాటానికి అన్నారు కదా” అని నవ్వాడు.

మర్నాడు టెక్కా సెంటర్ అనే హాకర్ సెంటర్‌కు వెళ్లాం. ఒక పక్క చేపలూ, కూరగాయలూ, కరివేపాకూ అమ్మే బజారు, మరో పక్క వరుసగా తిండి దుకాణాలు. వీధుల్లో తిరిగి అమ్ముకునేవారిని 1970, 80 దశకాల్లో ప్రభుత్వం నీళ్లూ మురుగు పారుదలా ఉన్న ఇలాంటి కప్పుల కిందకు చేర్చింది. 2020 డిసెంబరులో యునెస్కో ఈ హాకర్ సంస్కృతిని సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడ సర్వీసు ఛార్జీ లేదు, వడ్డించేవారూ లేరు. బల్ల మీద టిష్యూ పొట్లం కనిపిస్తే ఎవరో ఆ చోటు పట్టుకున్నారని అర్థం. మా ఆవిడ ఎవరో మరిచిపోయారనుకుని దాన్ని పక్కకు జరపబోతే మేనల్లుడు కంగారుపడ్డాడు. తిన్న పళ్లేలు మనమే తీసుకెళ్లి పెట్టాలి. 2021 నుంచి అలా చేయకపోతే జరిమానా పడవచ్చు. హలాల్ పళ్లేలకు వేరే అరలుంటాయి, కలపకూడదు.

నన్ను ఆశ్చర్యపరచినది ‘మీ గోరెంగ్’ అనే వంటకం. ఎర్రటి కారపు ముద్దలో వేయించిన ఆ పసుపు నూడుల్స్ తమిళ ముస్లింల చేతి వంట. అయినా అది మన దేశంలో ఎక్కడా నేను తినని వంటకం. రేస్ కోర్స్ రోడ్డులో అరిటాకు వేసి వడ్డించే చేప తలకాయ కూరదీ ఇలాంటి కథే. గోమెజ్ అనే కేరళీయుడు 1949లో, చేప తలకాయంటే ఇష్టపడే చైనీయుల కోసం దీన్ని మొదలుపెట్టాడని చెబుతారు. చింతపండు పులుపులో బెండకాయలూ వంకాయలూ వేసి ఉడికించిన ఆ కూర మా గోదావరి చేపల పులుసుకు దూరపు చుట్టంలా ఉంది. బిర్యానీని మన బిర్యానీతో పోల్చి నిరాశపడ్డ నాకు దీన్ని పోల్చవలసిన అవసరమే కలగలేదు. మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాను.

శాకాహారులకు మాత్రం అక్కడ జాగ్రత్త తప్పదు. లక్సా అనే నూడుల్స్ పులుసులో ఎండు రొయ్యలుంటాయి, సంబల్ అనే కారపు పచ్చడిలో రొయ్యల ముద్ద ఉంటుంది, పరాటాతో పాటు అడగకుండానే చేపల కూర పోస్తారు. పప్పు కావాలని ముందే చెప్పాలి. మా ఆవిడకు ఆశ్రయమిచ్చినవి తెలుగు హోటళ్లు కావు, చైనీయుల బౌద్ధ శాకాహార దుకాణాలు. వేయించిన సన్నని బియ్యపు సేమ్యా, క్యాబేజీ కూర, టోఫూ ఆమెకు బాగా నచ్చాయి. గోధుమ పిండితో బాతు మాంసంలా తయారుచేసిన ముక్కను మాత్రం, శాకాహారమేనని ఎంత చెప్పినా, ఆకారం చూసి పక్కన పెట్టేసింది. ఒక పెద్ద చైనీస్ రెస్టారెంట్లో బల్ల మీద ముందే పెట్టిన వేరుశనగ గింజలకూ, తడి తువ్వాలుకూ డబ్బు వేశారు. వద్దంటే తీసేస్తారని తరువాత తెలిసింది.

కాఫీ పరిభాష నేర్చుకోవడానికి రెండు రోజులు పట్టింది. కోపీ అంటే డబ్బాలో వచ్చే తీపి చిక్కటి పాలు (కండెన్స్‌డ్ మిల్క్) కలిపినది, కోపీ ఓ అంటే పాలు లేనిది, దానికి కోసోంగ్ అనే మాట చేరిస్తే పంచదార కూడా ఉండదు. మధుమేహం ఉన్న నాకు ఆ ఒక్క మాట ఎంతో ఉపకరించింది.

చివరి రాత్రి మేనల్లుడి ఇంట్లో రెండు పక్షాలూ కలిశాయి. మా ఆవిడ ముద్దపప్పు, ఆవకాయ, చారు వడ్డించింది. హాకర్ సెంటర్ల తరఫున అంతవరకూ వాదించిన కుర్రవాడే ఆవకాయ గిన్నెను తన ముందు నుంచి కదలనివ్వలేదు. మేనల్లుడి ఏడేళ్ల కూతురు మాత్రం పప్పన్నం రెండు ముద్దలు తిని, పంచదార అద్దుకునే పరాటా తెప్పించమని మారాం చేసింది.