పెంచలకోన నుంచి కండలేరు పుట్టుక దాకా: ఒక నడక సేవపై సమీక్ష

నెల్లూరు జిల్లాలో కండలేరు పేరు చెప్పగానే ఎక్కువమందికి మనసులో మెదిలేది తెలుగుగంగ జలాశయమే గాని, ఆ పేరున్న ఏరు కాదు. ఆ ఏరు వెలిగొండల్లో పెంచలకోన వైపు నుంచి పుట్టి రాపూరు ప్రాంతం గుండా దిగి, చివరికి కృష్ణపట్నం దగ్గర ఉప్పుటేరుగా మారి సముద్రంలో కలుస్తుంది. నెల్లూరుకు చెందిన ఒక చిన్న బృందం చలికాలపు ఆదివారాల్లో, ఏటి వెంబడి ఎదురు నడిపించి దాని పుట్టుక చూపిస్తామని ప్రకటిస్తోంది. రానూపోనూ వ్యాను, ఫలహారం, మధ్యాహ్న భోజనం, అటవీ శాఖ అనుమతి, దారి చూపే మనిషి, అన్నీ కలిపి తలకు 1,600 రూపాయలు తీసుకుంటున్నారు. ఈ జనవరిలో వారితో వెళ్లి వచ్చాక, డబ్బుకు తగిన ఫలితం ఎక్కడ దక్కింది, ఎక్కడ దక్కలేదు అన్నది రాస్తున్నాను.

వ్యాను పొదలకూరు, రాపూరు మీదుగా పోతుంది. ఫలహారానికి ఆపిన చోట కారం దోశ బాగుంది, టీ బాగాలేదు. అంతకు మించి చెప్పడానికి ఏమీ లేదు.

పెంచలకోన ఆలయం దగ్గరి నుంచి జలపాతం దాకా ఉన్న దారి భక్తులకూ విహారానికి వచ్చేవారికీ అలవాటైనదే కనుక, అంతవరకు పోవడానికి ఎవరికీ డబ్బు కట్టనక్కర్లేదు. శనివారం వచ్చిన జనం వదిలిపోయిన షాంపూ పొట్లాలూ నీళ్ల సీసాలూ ఆదివారం ఉదయానికి మడుగుల అంచున తేలుతూ ఉంటాయి. ఈ సేవ అక్కరకొచ్చేది ఆ పైనే. ఈ కొండలు 1997లో ప్రకటించిన శ్రీ పెనుశిల నరసింహ అభయారణ్యంలోనివి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలోకి అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు. పైగా ఎర్రచందనం పెరిగే నేల కాబట్టి, కాగితం లేకుండా లోపల తిరిగేవారిని సిబ్బంది ఊరికే వదలరు. బృందం అనుమతి పత్రాన్ని అందరికీ చూపించింది, అటవీ శాఖ బీటు సిబ్బందిలో ఒకరిని వెంట తీసుకువచ్చింది. సొంతంగా ఈ పని చేయించుకోవాలంటే ఎన్నిసార్లు తిరగాలో ఎరిగినవారికి, కట్టిన డబ్బులో సగం ఇక్కడే గిట్టుబాటు అయినట్టు తోస్తుంది.

మిగిలిన సగం దారి చూపిన యానాది పెద్దాయన వల్ల గిట్టింది. ఆయన ఈ కొండల కిందనే పుట్టి పెరిగినవారు. ఏది చెట్టు, ఏది పిట్ట అని పాఠం చెప్పినట్టు వరసగా చెప్పుకుపోకుండా, అవసరమైన చోట మాత్రమే ఆగి చూపించేవారు. "ఆ నల్లబండ మీద కాలు పెట్టబాకండి సార్, ఎండినట్టే కనపడతది, పాకుడుంది" అన్న హెచ్చరిక విన్నవారు తడవకుండా దాటారు, విననివారు మోకాలి లోతులో కూర్చున్నారు. జలపాతం పైన కొంత దూరం పోయాక ఏరు పెద్ద పెద్ద గుండ్ల కిందికి దిగి పూర్తిగా కనిపించకుండా పోయింది. నీళ్లు అయిపోయాయని మేమంతా అనుకుంటూ ఉండగా, ఆయన గట్టున వరసగా ఉన్న ఏరుమద్ది చెట్లను చూపి, వాటి వేళ్ల పక్క ఇసుకను చేత్తో తోడసాగారు. మోచేయి లోతు చెలమ తీసేసరికి అడుగున మురికి నీరు ఊరింది, ఆ నీటిని రెండుసార్లు దోసిళ్లతో తోడి పారబోశాక తేటపడింది. ఏరు కనపడని ఆ మేర అంతా ఆయన చెట్లను చూసుకుంటూనే మమ్మల్ని నడిపించారు.

పుట్టుకగా చూపించినది ఒక రాతి అరుగు కింది ఊట. వెలిగొండల్లో గట్టి క్వార్ట్జైట్ బండల పగుళ్లలోకి వాన నీరు దిగుతుంది. పలకలుగా విడిపోయే మెత్తటి రాతి పొర అడుగున అడ్డుపడిన చోట అది పక్కకు తిరిగి బయటికి ఊరుతుంది. అరుగు కింద ఆ రెండు రాళ్లు కలిసే గీత చేయి పెట్టి తడిమి చూడగలిగేంత స్పష్టంగా ఉంది. గీత పొడవునా పచ్చటి నాచు, దాని కొసల నుంచి బొట్లు బొట్లుగా నీరు. పెద్దాయన ఒక మోదుగాకును నిలువునా మడిచి పగులులోకి దూర్చగానే, అప్పటిదాకా నాచుమీద చెదిరిపోతున్న తడి అంతా ఆకు వెంట సన్నటి ధారగా పడసాగింది. సీసా నిండడానికి చాలాసేపు పట్టింది గాని, పట్టుకోవడానికి ఎవరూ వెనుకాడలేదు.

అయితే దీన్ని కండలేరు పుట్టినచోటు అని అమ్మడం సబబు కాదు. ఎక్కేటప్పుడు రెండుచోట్ల పక్క నుంచి పాయలు వచ్చి కలిశాయి. వాటిలో ఒకటి మేము పట్టిపోయిన పాయకంటే ఎక్కువ నీరే తెస్తోంది. ఆ వైపు ఎందుకు పోవడంలేదని అడిగితే, అక్కడ బండలు నిట్టనిలువుగా ఉంటాయని, అనుమతి కూడా ఈ వైపుకే ఉందని నిర్వాహకులు చెప్పారు. కారణం న్యాయమైనదే. కాని ప్రకటనలో ఒక పాయ మొదలు చూపిస్తామని రాస్తే రానివారు ఎవరుంటారు? భోజనాల దగ్గర ఒక నిర్వాహకుడు ఈ ఊటనే చెన్నై నగరం తాగుతోందని చెప్పడం ఇంకాస్త దూరం పోయింది. చెన్నైకి నీరు పంపే కండలేరు జలాశయం సామర్థ్యం 68 టీఎంసీలు. అందులో నిలిచేది ప్రధానంగా సోమశిల మీదుగా కాలువలో వచ్చే కృష్ణా, పెన్నా జలాలు. 1983 ఒప్పందం కింద చెన్నైకి ఇవ్వవలసినదీ, 1996లో తొలిసారి చెన్నై దగ్గరి పూండి జలాశయానికి చేరినదీ కృష్ణా నీరే. పెంచలకోన ఊట అందులో కలిసేది నామమాత్రం. ఇచ్చిన పటంలో కొండ భాగం ఒక్కటే గీశారు. జలాశయాన్నీ, కృష్ణపట్నం ఉప్పుటేరునూ కూడా చేరిస్తే చూసేవారికి ఈ తికమక ఉండదు.

లోపాలు ఇంకా ఉన్నాయి. ఇరవై ఇద్దరిని ఒకే వరుసలో నడిపించడం వల్ల ముందున్నవారు విన్న మాట వెనకున్నవారికి అందలేదు. పన్నెండుమందికి మించకుండా ఉంటే బాగుంటుంది. వెనక ఇద్దరు యువకులు స్పీకరులో పాటలు పెడితే, బీటు ఉద్యోగి చెప్పేదాకా నిర్వాహకులు కలగజేసుకోలేదు. ఎలుగుబంట్లు తిరిగే అడవిలో చప్పుడు మంచిదేనని ఒకరు వాదించారు గాని, ఆ పాటలు విన్నాక నాకు ఎలుగుబంటి మీదే జాలి కలిగింది. మందుల పెట్టెలో పట్టీలు, అయోడిన్ తప్ప ఏమీ లేవు. ఫోను అందని చోట ఎవరి కాలైనా విరిగితే ఎలా కిందికి దించుతారని అడిగితే తిన్నగా జవాబు రాలేదు. మధ్యాహ్నం పెట్టిన పులిహోర, పెరుగన్నం, మజ్జిగ మిరపకాయలు మాత్రం కడుపునిండా ఉన్నాయి. విస్తరాకులతో సహా ప్రతిదీ గోనెలో కట్టి కిందికి తెచ్చారు, ఈ పని మెచ్చుకోదగినది.

ఎప్పుడు వెళ్లాలన్నది అన్నిటికంటే ముఖ్యం. ఈ జిల్లాకు ఏడాది వానలో ఎక్కువ భాగం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య ఋతుపవనాలతోనే పడుతుంది కాబట్టి, డిసెంబరు చివరి నుంచి జనవరి దాకా ఏరు నిండుగానూ దాటడానికి వీలుగానూ ఉంటుంది. తుఫాను హెచ్చరిక ఉన్న వారంలో వాగు ఒక్కసారిగా పొంగే ప్రమాదం ఉంటుంది కనుక వాళ్లు రమ్మన్నా వెళ్లకూడదు. ఫిబ్రవరి దాటాక పై పాయలు ఎండుముఖం పడతాయి, అయినా మార్చి చివరి దాకా ఇదే ధర వసూలు చేస్తున్నారు. అప్పుడు చేరేవారు సగం ధరకు బేరమాడాలి. బండలు ఎక్కిదిగే పని ఆరేడు గంటలు ఉంటుంది కనుక మోకాళ్ల నొప్పులున్నవారూ, పదేళ్ల లోపు పిల్లలూ జలపాతం దగ్గరే ఆగడం మేలు.

వ్యాను వద్దనుకుని నేరుగా పెంచలకోనలో కలిసేవారికి 400 రూపాయలు తగ్గిస్తున్నారు. కాకపోతే నడక తెల్లవారి ఏడింటికే మొదలవుతుంది. ఆ వేళకు బస్సు పట్టుకుని చేరడం కష్టం కాబట్టి, ముందురోజు రాత్రికే కోనకు వచ్చి గది తీసుకోవాలి. శనివారం రద్దీలో గదులు దొరకవు, ముందుగానే చెప్పి ఉంచుకోవాలి.