హెచ్చరికతో చూపడమా, దాచేయడమా?

పాత సినిమాల్లో ఇతర జాతులను చులకన చేసిన సీన్లను ఏం చేయాలి? డిస్నీ రెండు దారులూ పట్టింది. 1953 నాటి 'పీటర్ పాన్'ను తన స్ట్రీమింగ్ వేదిక డిస్నీ ప్లస్‌లో ఉంచి, 2020లో సినిమా ముందు ఇలా హెచ్చరిక పెట్టింది: ఈ చిత్రణ అప్పుడూ తప్పే, ఇప్పుడూ తప్పే అని. 1946 నాటి 'సాంగ్ ఆఫ్ ది సౌత్'ను మాత్రం స్ట్రీమింగ్‌లోకి రానివ్వలేదు.

నేను మొదటి దారివైపే. మా విజయవాడ గాంధీనగర్ థియేటర్ల రోజుల్లో సినిమా ఆడి వెళ్లిపోయేది. ఇప్పుడు మా ఇంట్లో ఏడేళ్ల మనవరాలు ట్యాబ్ ఒళ్లో పెట్టుకుని, ఏది కావాలంటే అది నొక్కేస్తుంది. మొన్న 'పీటర్ పాన్'లో అమెరికా ఆదివాసుల పాట వస్తుంటే, "తాతయ్యా, వీళ్లు నిజంగా ఇంత ఎర్రగా ఉంటారా?" అంది. ట్యాబ్ పక్కన పెట్టి చాలాసేపు మాట్లాడుకున్నాం. దాచేస్తే ఆ ప్రశ్నే పుట్టదు.

దాచడంలో ఇంకో నష్టముంది. 'సాంగ్ ఆఫ్ ది సౌత్'లో నటించిన జేమ్స్ బాస్కెట్‌కు 1948లో గౌరవ ఆస్కార్ ఇచ్చారు. ఆస్కార్ అందుకున్న తొలి నల్లజాతి నటుడాయన. సినిమాతో పాటు ఆయన నటనా మరుగున పడిపోయింది. ఇది నాకు బాధగా ఉంటుంది.

చదవడం రాని పసివాళ్లకు మాత్రం హెచ్చరిక అక్కరకు రాదు. 2021లో పిల్లల ప్రొఫైల్స్ నుంచి 'పీటర్ పాన్'ను తీసేసి, పెద్దల ప్రొఫైల్‌లో ఉంచడం సబబే.